నూనె డబ్బాల మీద తేదీలు

అక్కకి, తమ్ముడు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, నీ మరదలూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బాలింతా, పసిదీ, అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. తలుస్తాననడమే గాని, నీ ఉత్తరంలో నువ్వు కులాసాగా ఉన్నట్టు ఒక్క వాక్యం కూడా లేదు. పసిదానికి జలుబు తగ్గిందని రాశావు, పిల్లకి పాలు బాగానే పడుతున్నాయని రాశావు, నీ గురించి మాత్రం "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. నిజంగా గుండ్రాయిలా ఉన్నరోజున నువ్వు ఆ మాట అనవు. మోకాలు నొప్పనీ, నిద్ర లేదనీ సణుగుతూ ఉంటావు.

ఫోను చేసి చెప్పకుండా ఇంత ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో నేను గెలుస్తాను అక్కా. మాటకి మాట అంటూ అసలు సంగతిని పక్కకి తోసేస్తానని నాకంటే నీకే బాగా తెలుసు. కాగితం మీద అలా కుదరదు. నీ ఉత్తరం కుడిపక్కన పెట్టుకుని, నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను.

నా షుగరు సంగతి అడిగావు. మందులు వేళకి వేసుకుంటున్నాను, పొద్దున్నే నడుస్తున్నాను. నడుస్తూ కనిపించినవాళ్ళందరితో పేచీ పెట్టుకుంటున్నానని నీ మరదలు చాడీలు మోసిందట. మోసింది నిజమే, పెట్టుకున్నదీ నిజమే. దీపావళికి మా అపార్టుమెంటు సంఘం తరఫున ఇంటింటికీ మిఠాయి పెట్టె పంచుతారట. ఆ పెట్టె నమూనా చూశాను. పైన బంగారు కాగితం, లోపల మఖమలు గుడ్డ, గుడ్డలో గుంటలు, గుంటకొక మిఠాయి. సూట్‌కేసంత పెట్టెలో తొమ్మిదంటే తొమ్మిది. ఆ పెట్టెని ఎవరూ విప్పరు. కింది ఇంటివాళ్ళు పై ఇంటికి ఇస్తారు, పై ఇంటాయన తన ఆఫీసరుకి ఇస్తాడు, ఆఫీసరు భార్య ఇంకెవరికో పంపుతుంది. నీ మరదలు కిందటేడు నాకు తెలియకుండా ఎవరికో ఇచ్చిన పెట్టె మూడోనాటికి మూల సొట్టతో సహా మా ఇంటికే వచ్చింది. దీన్ని పండగ అంటారా, సరుకు రవాణా అంటారా అని సంఘం కార్యదర్శిని అడిగాను. "మీకు దేవుడే లేడు కదా సార్, పెట్టెతో మీకేం పని" అన్నాడు. దేవుడు లేనివాడికి చెత్తకుండీ కూడా ఉండదా? పండగ మర్నాడు ఆ మఖమలంతా పోగుపడేది మా గుమ్మం ముందే.

ఇదంతా నీకు రాయడం ఎందుకంటే, నీ దగ్గర ఇలా ఉండదు. డబ్బా ఇంటినుంచి తెచ్చుకున్నవాళ్ళకి నువ్వు ఒక లడ్డూ ఎక్కువ వేస్తావు. విరిగినవి అమ్మవు, పారెయ్యవు, పనిచేసేవాళ్ళ ఇళ్ళకి పంపుతావు. "ఇంట్లో నలుగురేగా, అన్నేం చేసుకుంటారు" అని కొనడానికి వచ్చినవాళ్ళనే కసురుతావు. అలా కసిరే మిఠాయి కొట్టు నేను ఇంకోటి చూడలేదు. ఆలోచించి పండగ చేసుకోండి, పారేసుకోవడానికి చేసుకోకండి అని నేను ఇరవై ఏళ్ళుగా సభల్లో గొంతు చించుకుంటున్నాను. నువ్వు ఒక్క సభకీ రాలేదు. వస్తే పొయ్యి మీద పాకం ముదిరిపోతుంది కదా.

ఇక తాళాలు. నవరాత్రులకి పది రోజుల ముందు ఆ వారపత్రికలో, వాడిన నూనెనే మళ్ళీ ప్రసాదాలకి వాడుతున్నారంటూ వ్యాసం వచ్చింది. నువ్వు శనగపిండి జల్లించి పెట్టుకున్నాక స్కూలువాళ్ళు వద్దన్నారు, మర్నాడు బ్యాంకువాళ్ళు వద్దన్నారు, ఆసుపత్రి క్యాంటీనాయన ఫోనే ఎత్తలేదు. నువ్వు పొయ్యి ఆర్పేసి, పురిటి సాయమని వంక పెట్టి కూతురి దగ్గరికి వెళ్ళిపోయావు. ఎప్పుడైనా పండగల నెలలో ఊరు కదిలావా నువ్వు? దీపావళికి కూడా వెలిగించననీ, నెలాఖరుకి వంటశాల తాళాలు ఇంటాయనకి ఇచ్చెయ్యమనీ రాశావు. పద్దెనిమిదేళ్ళ పొయ్యి అది. తాళాలు ఇవ్వలేదు. ఈ బల్ల సొరుగులోనే ఉన్నాయి. ఎందుకు ఇవ్వలేదో ఈ ఉత్తరం పూర్తయ్యేలోపు నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం సోమవారం అందింది. మంగళవారం వంటశాలకి వెళ్ళాను. తలుపు తీస్తే ఇంకా యాలకుల వాసన వస్తోంది. పెద్ద బాణలి బోర్లించి ఉంది, బూందీ గరిటెలు మూడూ మేకులకి వేలాడుతున్నాయి. పలక మీద నువ్వు రాసుకున్న ఆర్డర్లు అలాగే ఉన్నాయి, తుడవబుద్ధి కాలేదు. కబురంపితే అక్కడ పనిచేసే మనవాళ్ళు నలుగురూ వచ్చారు.

నువ్వు రాసినట్టే చేశాను. "వెనక గదిలో చవితి ఆర్డర్ల నూనె డబ్బాలు పదకొండు ఉంటాయి. పాత తేదీవి ముందు తియ్యి, మడ్డి బాగా దిగి ఉంటుంది. పైన తేరింది ఒంపి మనవాళ్ళకి ఎప్పట్లాగే దీపాలకి పంచు. పని పోయిందని వాళ్ళ గుమ్మాలు చీకటిగా ఉండకూడదు" అని రాశావు కదా. మడ్డి కదలకుండా ఒంపడం నాకేం తెలుసు? రెండో డబ్బా దగ్గరే సగం మడ్డి కలిపేశాను. పాకం చూసే పెద్దావిడ నా చేతిలోంచి డబ్బా లాక్కుని, "తమ్ముడుగారూ, మీరు పక్కన నిలబడి ఉపన్యాసం ఇవ్వండి, ఒంపేది మేము ఒంపుకుంటాం" అంది. అందరూ నవ్వారు. నెల తర్వాత ఆ గదిలో అదే మొదటి నవ్వేమో.

లడ్డూలు చుట్టే మన రేడియో మాత్రం ఒంపుతూనే గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. నువ్వు పెట్టిన పేరు ఊరికే పోలేదు. ఈ నూనె కాస్త పొగ చిమ్ముతుందట, అందుకని మెట్ల మీదా, గోడల మీదా, గడప బయటా మాత్రమేనట. దేవుడి దగ్గర దీపానికి కొత్త నూనేనట. వత్తి లావుగా చేసుకోవాలట. దీపావళినాడు వాళ్ళ వీధి వీధంతా అక్కగారి బూందీ వాసన వేస్తుందట.

"ఒకసారి కాగిన నూనె మళ్ళీ పొయ్యి ఎక్కనిస్తారా అక్కగారు? బాణలి దించగానే వడకట్టు, డబ్బాలో పొయ్యి, తేదీ వెయ్యి, వెనక గదిలో పడెయ్యి. మేము మర్చిపోతే మా వీపులు చిట్లగొడతారు. ఇన్నేళ్ళుగా వస్తున్నారు, మీకు తెలీదా తమ్ముడుగారూ?"

తెలీదన్నాను.

అందరూ వెళ్ళబోతుంటే రేడియోని ఒక్కదాన్నీ ఆగమన్నాను. నువ్వు ఉత్తరంలో రాసింది నా చొక్కా జేబులో ఉంది. "డబ్బాల మీద నేను నీలం సుద్దతో తేదీ వేయిస్తానని బయటివాడికి ఎలా తెలుస్తుంది? మనవాళ్ళలోనే ఎవరో చెప్పారు. రేడియో నోరు ఆగదు, అదే అయి ఉంటుంది. మళ్ళీ ఎప్పుడు పొయ్యి వెలిగించినా దాన్ని రావద్దని చెప్పు. నాకు దాని మొహం చూసి చెప్పడం చేతకాదు. నువ్వైతే మొహమాటం లేకుండా చెబుతావు."

మొహమాటం లేకుండానే చెప్పాను.

"ఎవరన్నారు?" అంది.

"అక్క రాసింది."

"అక్కగారే? ఆవిడ చేత్తో?"

అవునన్నాను. నీ అక్షరాలు చూపించమంటుందేమోనని జేబు మీద చెయ్యి వేసుకున్నాను. ఆమె అడగలేదు. పద్నాలుగేళ్ళుగా తూకం లేకుండా ఒకటే బరువు లడ్డూలు చుట్టిన మనిషి, నోరు మూతపడగా నేను ఎన్నడూ చూడనిది, డబ్బా మూతి కొంగుతో తుడిచి, మూత బిగించి, దాన్ని అక్కడే గోడ పక్కన పెట్టేసి వెళ్ళిపోయింది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. దాన్ని రెండుసార్లు అడిగావు. ఆ రాసినవాడెవడో కనుక్కున్నావా, పత్రికలవాళ్ళంతా నీ స్నేహితులేగా, వాడికి దిమ్మ తిరిగేలా నా తరఫున నువ్వు జవాబు రాయి, అని.

అక్కా, ఆ వ్యాసం రాసింది నేను.

'ముల్లుగర్ర' అనే పేరుతో ఆ పత్రికలో నేను మూడేళ్ళుగా రాస్తున్నాను. నా కాలేజీవాళ్ళకి తెలియకూడదని ఆ పేరు పెట్టుకున్నాను. చవితి మర్నాడు ఎప్పట్లాగే నీ దగ్గరికి లడ్డూ తినడానికి వచ్చాను. "దేవుడితో పేచీ, లడ్డూతో రాజీ" అని నువ్వు ఎప్పట్లాగే ఎగతాళి చేశావు. చేతులు కడుక్కోవడానికి వెనక గదిలోకి వెళితే డబ్బాలు కనిపించాయి. నల్లగా నూనె, మూతల మీద తేదీలు. నాకు వ్యాసం దొరికిందనిపించింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి నీ పక్కనే కూర్చుని ఇంకో లడ్డూ అడిగి తిన్నాను. ఆ డబ్బాలేమిటక్కా అని నోరు తెరిచి అడిగితే నువ్వు బాణలి దగ్గరనుంచి కదలకుండానే చెప్పేదానివి. అడగలేదు. అడిగితే వ్యాసం పోతుందని భయమేమో, ఇప్పుడు తవ్వుకుంటే అదే తేలుతోంది.

నువ్వు కత్తిరించి పంపిన ముక్క నా ముందుంది. "వెనక గదిలో వరసగా నల్లనూనె డబ్బాలు, మూతల మీద నీలం సుద్దతో తేదీలు. ఎన్నోనాటి నూనె ఎన్నోనాటి ప్రసాదంలోకి పోవాలో ఎంత క్రమశిక్షణ." ఈ వాక్యం రాసినరోజు నాకు నా మీదే ముచ్చటేసింది. నీ మరదలికి చదివి వినిపించాను కూడా. "ఇది వదిన వంటగది కదండీ? వదినని అడిగారా?" అంది. ఇది ఒక మనిషి గురించి కాదు, వ్యవస్థ గురించి అన్నాను. "వ్యవస్థకి నీలం సుద్ద ఎక్కడిదండీ" అంది. నీకు అర్థం కాదులే అన్నాను. ఆడవాళ్ళ చాకిరీ గురించి అయిదు వ్యాసాలు రాసినవాణ్ణి, నా ఇంట్లో ఆడమనిషితో అన్నమాట అది.

ఊరు రాయలేదు, పేరు రాయలేదు, ఎవరికీ హాని ఉండదనుకున్నాను. నా పేరూ రాయలేదు. ఆ జాగ్రత్తంతా ఎవరి కోసం పడ్డానో ఇప్పుడు కనిపిస్తోంది. నీ వంటశాలకి వచ్చి వెనక గదిదాకా చూసిపోయే స్కూలు మేనేజరుకి నీలం సుద్ద ఒక్కటి చాలింది.

ఆర్డర్లు పోయినప్పుడు ఎందుకు నోరు విప్పలేదంటావు. అప్పటికి నేను రాసింది నిజమనే నమ్మాను. అక్కయినా సరే, నిజం నిజమే అని నాలో నేను రొమ్ము విరుచుకున్నాను. నువ్వు జల్లించిన పిండి ముందు కూర్చుని ఏడుస్తుంటే, పక్కన కూర్చుని "జనం ఇంతేనక్కా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు పలక మీద సుద్దలా నన్ను నేను చెరిపేసుకోవాలనిపిస్తోంది. నీ ఉత్తరంలో "ఎప్పట్లాగే దీపాలకి" అన్న చోటికి వచ్చేసరికి ఆ డబ్బాలు దేనికో అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళుగా దీపావళి సాయంత్రం నీ ఇంటికి రావడం నేను మానేశాను. మర్నాడు వచ్చి మిగిలినవి తిని పోతాను. నీ మెట్ల మీద వెలిగేది ఏ నూనో నాకు తెలియకపోవడానికి కారణం అదే. నమ్మకం లేనివాడు దీపం వెలిగించక్కర్లేదని ఇప్పటికీ వాదిస్తాను. కానీ చూడనివాటి మీద తీర్పు చెప్పే అధికారం నాకు ఆ నమ్మకం లేకపోవడంతో వచ్చిందని ఎలా అనుకున్నానో, దానికి మాత్రం వాదన దొరకలేదు.

ఇది కూడా మొత్తం కాదు. ఉత్తరం సోమవారం చదివాను. అంటే సోమవారానికే నాకు అంతా తెలుసు. మంగళవారం రేడియోని పనిలోంచి తీసేశాను. ఆమె చెప్పలేదని ఈ భూమి మీద నిశ్చయంగా తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే, ఆమెకి ఆ మాట చెప్పిందీ నేనే. ఎందుకు చేశానంటే, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదని నువ్వు అడుగుతావు. అంతకు మించి ఏమీ లేదు.

ఇంటికొచ్చి నీ మరదలికి చెప్పాను. ఆమె నాతో వాదించలేదు. అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, "రేపు కూడా ఇలాగే తింటారా" అని మాత్రం అడిగింది. బుధవారమంతా కాలేజీకి సెలవు పెట్టి ఇంట్లోనే తిరిగాను. గురువారం రేడియో ఇంటికి వెళ్ళాను.

ఆమె నేల మీద కూర్చుని ఎవరివో చీరలకి ఫాల్సు కుడుతోంది. "కూర్చోండి తమ్ముడుగారూ, సూదులున్నాయి, చూసుకోండి" అంది. ఆమె వదిలేసిపోయిన నూనె డబ్బా పట్టుకెళ్ళాను, దాన్ని గుమ్మం దగ్గర పెట్టి, వ్యాసం రాసింది నేనని చెప్పాను.

ఆమె దారం చివరిదాకా లాగింది.

"మీకు నేను చెప్పానా?"

"లేదు."

"మరి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను."

"చూసి, అడగలేదా?"

"లేదు."

"అంత చదువు చదివారు. అడగడం నేర్పలేదా మీకు?"

తప్పైపోయిందన్నాను. "నాతో అంటే ఏం లాభం? మీ అక్కగారికి రాయండి. రాసి, పోస్టు చెయ్యకముందు నాకు చదివి వినిపించండి. మీరు రాస్తే ఎలా ఉంటుందో ఒకసారి చూశాను కదా" అంది. మళ్ళీ సూది తీసుకుంది.

శుక్రవారం పత్రికకి వెళ్ళాను. రాసింది తప్పనీ, ఆ నూనె మళ్ళీ పొయ్యి ఎక్కదనీ, చూసినవాడు అడగకుండా రాశాడనీ సవరణ ఇచ్చాను. "కలంపేరుతోనే వేద్దాం, మీ పరువెందుకు తీసుకుంటారు" అన్నాడు సంపాదకుడు. నా సొంత పేరుతో, కాలేజీ పేరుతో సహా వెయ్యమన్నాను. వచ్చే గురువారం వస్తుంది. ఆ ప్రతి పట్టుకుని స్కూలుకీ, బ్యాంకుకీ, ఆసుపత్రికీ నేనే వెళ్తాను. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలియదు. జనం నెల క్రితం చదివింది మర్చిపోరు, నిన్న చదివింది నమ్మరు. ఈ సంగతి మీద కూడా ఒక వ్యాసం రాయొచ్చు, రాయను.

దీపావళికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. వచ్చి పొయ్యి వెలిగించమని అడిగే మొహం నాకు లేదు. తాళాలు నెలాఖరుదాకా ఇవ్వను, ఆ తర్వాత నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను. బంగారు పెట్టెల మీద రాసింది, ఆకలికి అన్నం పెట్టకుండా చక్కెర పంచే పండగల మీద రాసింది వెనక్కి తీసుకోను. అది నిజమే. కానీ ఆ నిజాన్ని నీ వీపు మీద నిలబెట్టి చెప్పాను. నన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగటం లేదు. ఇప్పుడే అడిగితే నువ్వు అక్కవి కనక ఇచ్చేస్తావు.

ఇక్కడిదాకా రాసి, శనివారం మధ్యాహ్నం రేడియో ఇంటికి తీసుకెళ్ళి మొత్తం చదివాను. పెట్టెల గొడవ వచ్చినచోట "ఇదంతా దేనికి, ఆవిడకి తెలీదా" అంది. కొట్టెయ్యనా అన్నాను. "ఉంచండి. మీరే రాశారని నమ్మకం కుదురుతుంది" అంది. తూకం లేకుండా లడ్డూలు చుట్టే సంగతి వచ్చినప్పుడు సూది ఆపింది. మళ్ళీ పనికి వస్తారా అని నేను అడిగితే, "ఆవిడ పిలవాలి. మీరు తీసేస్తే పోయాను, మీరు రమ్మంటే రాను" అంది.

చివరిదాకా విని, "అయిపోయిందా?" అంది.

అయిపోయిందన్నాను.

"ఒక మాట లేదు."

"ఏ మాట?"

"నేను ఎవరితోనూ చెప్పలేదని లేదు."

రాసింది నేనని ఒప్పుకున్నాక అది తెలిసిపోతుంది కదా అన్నాను. చూడు, అప్పుడు కూడా వాదించాను.

"మీరు చూశారని ఉంది. మీరు రాశారని ఉంది. మీకు బాధగా ఉందని ఉంది. ఇన్ని కాగితాలు మీ గురించే. నా గురించి అది ఒక్కటీ లేదు" అంది.

కాగితం అడుగున కొంచెం చోటుంది. ఆమె చెబుతుంటే, ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

అక్కగారూ, వంటశాల సంగతి నేను ఎవరితోనూ అనలేదు. నాకు వాగుడు ఎక్కువే. కానీ మీ పొయ్యి దగ్గరి మాట ఏనాడూ గడప దాటించలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు